లేపే మనిషి

ఆదివారం సాయంత్రం టీవీలో లోకం అంతమయ్యేది. సోమవారం పొద్దున పూతలపట్టు కూడలిలో, తిరుమలమ్మ ఇడ్లీ అంగడి ముందర, దాని మీద పంచాయితీ జరిగేది.

ఆ కథ పేరు ‘మిగిలినవాళ్ళు’. వానలు నిలిచిపోయి, ఏర్లు ఎండిపోయి, ఆ వెనకే పేరు తెలియని జబ్బొకటి వచ్చి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన తర్వాత, మిగిలిన గుప్పెడు మంది నీళ్ళు వెతుక్కుంటూ గుట్టల్లో పడి తిరగడం. వారం వారం అదే తిరుగుడు. మన పెద్దలు ప్రళయం గురించి చెప్పుకున్నప్పుడల్లా నీళ్ళు ముంచెత్తడమే చెప్పుకున్నారు. ఆ కథలు పుట్టిన చోట నదులు ఉండి ఉంటాయి. ఈ సీమలో ప్రళయమంటే నీళ్ళు రావడం కాదు, రాకపోవడం. బోరు వేసి, వట్టి దుమ్ము పైకి లేస్తుంటే గట్టున నిలబడి చూసిన వాళ్ళకు లోకం ఎట్లా అంతమవుతుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకే కాబోలు, పట్నాల్లో వింతగా చూసిన కథను పూతలపట్టులో పరీక్ష పేపరు దిద్దినట్టు తప్పులు పట్టుకుంటూ చూశారు.

బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పరంధామయ్యకు అది మొదటి వారం నుంచే గిట్టలేదు.

“నాకు తెలీకడుగుతా సారూ. తాగేదానికి చుక్క నీళ్ళు లేవంటాడు. ఆ పిల్ల తలకి మాత్రం నూనె నిగనిగలాడతా ఉండాది. లోకమంతా సచ్చిపోతే గానుగ యాడ ఆడతా ఉండాది?”

“కథను అట్ట చూడగూడదు పరంధామన్నా,” అనేవాడు బాలచంద్ర. ఆ పక్కనున్న ప్రైవేటు బడిలో సైన్సు చెప్పే అయ్యవారు ఆయన. “అది చూస్తా చూస్తా నేను రెండు చెంబుల నీళ్ళు తాగినాను. గొంతు ఎండిపోయింది. చూసేవాడికి దాహం పుట్టించినోడు గొప్పోడా కాదా?”

“నీకు చక్కెర జబ్బేమో, రక్తం చూపించుకో.”

ఇడ్లీ నోట్లో పెట్టుకున్నవాళ్ళకు నవ్వొచ్చి పొరబోయేది. పక్కన పూలమ్మే సిద్ధమ్మకు ఇంకో తగాదా. “ఏడుపు సీరియల్లో అయితే చీరలన్నా చూడచ్చప్పా. దీంట్లో అందురికీ ఒకటే గోనెపట్ట.” కాణిపాకం పోయే బస్సుల కోసం నిలబడ్డ వాళ్ళు సైతం, ముక్కూ ముఖం తెలియకపోయినా, ఆ తగువులో ఒక చెయ్యి వేసేవాళ్ళు. బాగుందని కొందరు. నడక మరీ నత్తనడక అని కొందరు. పిల్లలు భయపడుతున్నారని కొందరు, పిల్లలు అసలు భయపడ్డం లేదు అదే భయమని కొందరు.

నీళ్ళతాత ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం గొంతులు కొంచెం తగ్గేవి. ఆ కథలో ఎండిన నేల మీద చెవి ఆనించి, కింద నీళ్ళున్నాయో లేదో చెప్పే ముసలాయన ఒకడున్నాడు. నీళ్ళతాత అంటారు. ఆ వేషం వేసినవాడు తిరుమలమ్మ మొగుడు మునిరామయ్య. ఆయన బొమ్మ టీవీలోకి వచ్చేనాటికి ఆయన ఈ లోకంలో లేడు.

తిరుమలమ్మ ఆ మాటల్లోకి వచ్చేది కాదు. ఆవిరి పాత్ర మూత తీసి, గుడ్డ మీద తడి చెయ్యి తిప్పి, ఇడ్లీలు ఆకులో వేసి, చెనిగ్గింజల చట్నీ పోసి చేతికిచ్చేది. ఆదివారం సాయంత్రం మాత్రం ఇంట్లో టీవీ ముందు నిలబడే చూసేది. కూర్చుని చూడడానికి ఆమెకు కాళ్ళు ఒప్పేవి కావు. దానికి కారణం ఉంది. ముప్ఫై ఏళ్ళు పైగా మొగుణ్ణి వేషంలో చూసిందంతా ఆమె నిలబడే చూసింది. చేతిలో చెంబుతో.

ఆ సంగతి మొదటినుంచీ చెప్పాలి.

మునిరామయ్యది వీధినాటకం మేళం. వ్యవసాయం పనులు లేని ఎండాకాలంలో ఐరాల, పాకాల, పెనుమూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆట కట్టేవాళ్ళు. రాత్రంతా ఆడి పొద్దు పొడిచేటప్పటికి ముగించేవాళ్ళు. పాళెగాళ్ళ కథలు, రాజుల కథలు, ఏ కథయినా చివరికి యుద్ధంలో ఒక మగాడు పడిపోవాలి. ఆ పడిపోయేవాడు మునిరామయ్య. నెగ్గే వేషం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. గెలిచేవాడిని చూడడానికి జనం ఎప్పుడూ ఉంటారు గాని, చచ్చేవాడిని చూస్తూ తెల్లారేదాకా కూర్చోబెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. కత్తి దిగిన తర్వాత ఆయన అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు వేసి, ఒక పద్యం ఎత్తుకుని, మధ్యలో ఊపిరి అందక ఆపి, మళ్ళీ ఎత్తుకుని, చిట్టచివరి పాదం మాత్రం పాడకుండా పడిపోయేవాడు. ఆ పాడని పాదం జనం పాడేవాళ్ళు.

ఆ మేళంలో ఒక కట్టుబాటు ఉండేది. వేషంలో చచ్చిన మనిషిని అట్టే వదలకూడదు. మద్దెల ఆగిన తర్వాత వాడు తనంతట తాను లేవకూడదు. లేస్తే ఆ సావు వంటికి అంటుకుంటుందని నమ్మకం. ఇంటి ఆడమనిషి ఒకతె చెంబులో పసుపునీళ్ళు పట్టుకుని, ఊరంతా చూస్తుండగా వచ్చి, ముఖాన చల్లి, వేషం పేరుతో కాకుండా సొంత పేరు పెట్టి గట్టిగా పిలవాలి. అప్పుడు వాడు లేచి, కిరీటం తీసి ఆమె చేతికి ఇవ్వాలి. వాడు లేచేదాకా ఆమె చెంబు దించకూడదు. జనం కదలకూడదు. చాపలు చుట్టుకోవడాలూ, నిద్రపోయిన పిల్లల్ని భుజాన వేసుకోవడాలూ అంతా ఆ తర్వాతే. ఆ ఆడమనిషిని మేళంలో ‘లేపే మనిషి’ అనేవాళ్ళు.

మునిరామయ్యను చాలాకాలం వాళ్ళమ్మ లేపింది. తల్లికి కొడుకు పేరు పలకడానికి అడ్డేముంది! ఆమె కాళ్ళు పడిపోయి మంచం పట్టాక చెంబు కోడలి చేతికి వచ్చింది. కష్టం అక్కడ వచ్చింది. మొగుడి పేరు నోటితో పలికే ఆడది ఆ కాలపు ఆ ఇండ్లలో లేదు. మొగుడి పేరున్న దేవుడికి మొక్కాల్సి వస్తే ఆ దేవుణ్ణే ‘ఆ సామి’ అని దాటేసేవాళ్ళు.

మొదటిసారి ఐరాల పక్కన ఒక పల్లెలో. పొద్దు ఎర్రబడుతోంది. రాజు కత్తిపోట్లు తిని మట్టిలో వెల్లకిలా పడున్నాడు. తిరుమలమ్మ వచ్చింది, నీళ్ళు చల్లింది. నోరు పెగల్లేదు.

“లెయ్యి,” అంది. రాజు లేవలేదు.

“ఏమయ్యో,” అంది. లేవలేదు.

“ఇదో, నిన్నే!” అంది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మద్దెలాయన తల దించుకుని మద్దెలకేసి చూస్తున్నాడు. తిరుమలమ్మ చెవులు కాలిపోతున్నాయి. అప్పుడు చచ్చిన రాజు పెదవులు కదపకుండా గొణిగాడు.

“పిలువు మే. చీమలు కుడతా ఉండాయి.”

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. “మునిరామయ్యా!” అని ఒక్క అరుపు అరిచింది. ఊరి చివర కుక్కలు మొరిగాయి. రాజు లేచాడు. ఎడమ మోకాలు చిన్నప్పుడే దెబ్బతిన్నది, అది సరిగ్గా వంగదు. అందుకని కుడి చెయ్యి నేలకు ఆనించి, ఒక మూలుగు మూలిగి, లేచి, అన్నిటికన్నా ముందు ఆమె ఎక్కడ ఉందో అని వెతుక్కుంటూ చూశాడు. తర్వాతే కిరీటం తీశాడు.

అది మొదలు, ఎన్ని ఆటలో అన్నిసార్లు ఆమె మొగుడి పేరు పిలిచింది. ఆట బయట ఒక్కసారీ పిలవలేదు. కొడుకు గిరి పుట్టాక ఇంట్లో ఆయన ‘గిరోళ్ళ నాయన’. రేషను కార్డు దగ్గర ఆఫీసు పిల్ల మొగుడి పేరడిగితే, పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి, మీరు చెప్పండప్పా అని నవ్వేది. అదే మనిషి ఎండాకాలం తెల్లవారుజాముల్లో మూడు వీధులకు వినబడేలా ఆ పేరు పిలిచేది. ఆమె బతుకులో అంత గట్టిగా మాట్లాడిన సందర్భం ఇంకొకటి లేదు. మునిరామయ్యకు అదొక గర్వం. “మీ పెండ్లాలు మీకు అన్నం పెట్టినారేమో. నా పెండ్లాం నన్ను సావులోంచి లేపుతా ఉండాదబ్బా,” అనేవాడు మేళంలో.

ఆ మేళం ఎట్లా పోయిందో వేరే చెప్పాలా. పాటలూ డాన్సులూ పెట్టే పార్టీలు వచ్చాయి. హార్మోనియం ఆయన తిరుపతిలో లాడ్జి గదుల తాళాలు ఇచ్చే పనికి చేరాడు. ఆడవేషం కట్టే కుర్రాడు శ్రీసిటీలో ఫ్యాక్టరీ యూనిఫారం వేసుకున్నాడు. గిరి కూడా అక్కడికే పోయాడు. వారానికొకసారి వచ్చి మళ్ళీ పోయేవాడు. ఏ దేశం వాడో ఏ ఎడారిలోనో ఇల్లు కట్టుకుంటే దాంట్లోకి గాలి చల్లబరిచే యంత్రాలు ఇక్కడి పిల్లలు బిగిస్తున్నారు. చేసే చెయ్యికీ వాడే చెయ్యికీ మధ్య ఇంత దూరం పూర్వం ఉండేది కాదు, అయినా అన్నం దొరికే చోటే ఊరు. మునిరామయ్య అంగడి వెనక కూర్చుని ఎర్రగడ్డలు ఒలిచేవాడు. ఒలుస్తూ పద్యాలు పాడేవాడు. చివరి పాదం పాడేవాడు కాదు.

‘మిగిలినవాళ్ళు’ తీసేవాళ్ళు ఆ గొంతు వినే ఆగారు. బంగారుపాళ్యం వైపు పాడుబడిన రాళ్ళ క్వారీల్లో షూటింగు. పొద్దున్నే తిరుమలమ్మ అంగడిలో ఇడ్లీలు తిని పోయేవాళ్ళు. వాళ్ళలో నవీన అని ఒక హైదరాబాదు అమ్మాయి, దర్శకుడి దగ్గర పనిచేసేది, ఎర్రగడ్డల వెనక ఉన్న ముఖాన్ని చాలాసేపు చూసి, “తాతా, మీరెప్పుడైనా నటించారా?” అని అడిగింది.

“నేను సావడంలో పేరు పోయినోణ్ణి తల్లీ,” అన్నాడు మునిరామయ్య.

నీళ్ళతాత చచ్చిపోయే రోజు రానే వచ్చింది. తిరుమలమ్మ ముందురోజే చెంబు తోమి పెట్టుకుంది. ఆయన ఒప్పుకోలేదు.

“ఇది మేళం కాదు మే. ఆడ అందురూ పెద్ద సదువులోళ్ళు. నువ్వు చెంబెత్తుకోనొచ్చి అరిస్తే నవ్వుతారు.”

“నవ్వితే నవ్వనీ.”

“నాకు సిగ్గు. ఈ ఒక్కతూరి నేనే లేస్తా లే.”

సాయంత్రం ముఖం కడుక్కుని తిరిగొచ్చాడు. గడపలోనే అడిగింది, ఎవరు లేపినారని. “ఎవురూ లేపలా. చాలన్నారు, లేచినాను. మళ్ళీ పడుకోమన్నారు.” “అయితే ఎన్నితూర్లు సచ్చినావు?” “వాళ్ళకి సరిగ్గా వచ్చేదాకా,” అని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. లోపలికి పోయి పసుపునీళ్ళు తెచ్చి గడపలోనే ఆయన ముఖాన చల్లింది. ఆయన తల వంచి నిలబడ్డాడు. పిలుస్తుందని కాసేపు చూశాడు కూడా. ఆమె పిలవలేదు. ఎదురింటి కోడళ్ళు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఇది ఆట కాదు, ఇల్లు. నలుగురూ వింటుంటే ఇంటి గడపలో మొగుడి పేరెత్తడం ఎట్లా? నీళ్ళు చల్లింది, అంతే.

చలికాలంలో ఆయనకు గుండెనొప్పి వచ్చింది. తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయారు. రెండో రోజు పోయాడు. ఏళ్ళ తరబడి తాగిన బీడీలు, మూసుకుపోయిన నరాలు అని డాక్టర్లు చెప్పారు. అదే నిజమై ఉండాలి. తిరుమలమ్మ దాన్ని కాదనలేదు. కాని గడపలో ఆయన తల వంచి నిలబడిన ఆ కాసేపు ఆమెను విడిచిపెట్టలేదు.

తర్వాత కొన్నాళ్ళకు టీవీలో కథ మొదలైంది. ఆరో వారం నీళ్ళతాత తన వంతు నీళ్ళు పసిబిడ్డకు పోసి, ఇసుకలో పడిపోయాడు. గాలి ఆయన ముఖం మీదికి ఇసుక తోలింది. ముఖం సగం కప్పుకుపోతుండగా బొమ్మ మారిపోయింది.

మరునాడు పొద్దున అంగడి ముందర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పరంధామయ్య కూడా వాన గురించి మాట్లాడాడు. పాకాల నుంచి కొత్తగా వచ్చిన ఆటో డ్రైవరొకడు, ఏమీ తెలియనివాడు, ఆకు చేతబట్టుకుని మొదలుపెట్టాడు.

“రేయ్, ఆ ముసలాయన సావు సూసినారా నిన్న? పడతాడు, లేస్తాడు, మళ్ళీ పడతాడు. నడాన అడ్వటైజుమెంట్లు. మా అవ్వ సోపు యాడ్ అయిపోయినాక అడిగింది, ఇంకా పోలేదారా ఆయన అని!”

ఒక్కరూ నవ్వలేదు. పరంధామయ్య వాడి చొక్కా పట్టుకుని చెవిలో ఏదో చెప్పాడు. వాడి ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. “తప్పయిపోయింది మా. నాకు తెలీదు,” అన్నాడు.

“తప్పేముందప్పా,” అంది తిరుమలమ్మ. “ఆయన అట్టే సచ్చేవోడు. నిదానంగా. జనం లేచిపోకుండా.” వాడి ఆకులో ఇంకో వడ వేసింది.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు. చూసేవాళ్ళలో కొత్త తగువు పుట్టింది. తాత నిజంగా చచ్చాడా లేదా? పూడ్చినట్టు చూపించలేదు, ఏడ్చినట్టు చూపించలేదు. “శవాన్ని చూపించలేదంటే మనిషి మళ్ళీ వస్తాడు. ఇలాంటి కథల్లో అది లెక్క,” అని బాలచంద్ర అయ్యవారు. “నీళ్ళు లేక సచ్చినోడు యాణ్ణించి వస్తాడు సారూ,” అని పరంధామయ్య. ఫోన్లలో ఇంకా పెద్ద గోలట. కథ చప్పగా ఉందని తిట్టినవాళ్ళూ, గొప్పగా ఉందని మెచ్చుకున్నవాళ్ళూ ఆ ఒక్కచోట కలిశారట. తాతను మళ్ళీ తీసుకురండి అని.

గిరికి సెలవున్న రోజున నవీన వచ్చింది. ఇంట్లో చాప మీద కూర్చుని, మునిరామయ్య ఫోటోకు దండం పెట్టి, విషయం చెప్పింది. కథకు రెండో భాగం తీస్తున్నారు. అందులో నీళ్ళతాత ఉండాలి. ఆయన ముఖం, నడక, గొంతు ఇదివరకు తీసినదాంట్లో ఉన్నాయి గనక కంప్యూటరుతో ఆయన్ను మళ్ళీ నడిపించవచ్చు. ఇంటివాళ్ళు సరేనంటేనే.

“గొంతు కూడానా?” అన్నాడు గిరి.

“గొంతు కూడా అన్నా. కొత్త మాటలు కూడా ఆయన గొంతుతోనే చెప్పించవచ్చు.” నవీన తిరుమలమ్మ వైపు తిరిగింది. “మీకు బాధ కలిగించాలని కాదమ్మా. నాకు ఆయనంటే చాలా ఇష్టం. ఒక చిన్న ముక్క చేసి తెచ్చాను. చూసి, వద్దంటే వద్దు.”

ల్యాప్‌టాప్ తెరిచింది. ఇసుక. ఇసుకలో సగం కప్పుకుపోయిన ముఖం. ఆ ముఖం మీద ఒక చినుకు పడింది. మరొకటి. ఇసుక కరిగి చెంప మీదుగా జారింది. రెప్పలు కదిలాయి.

తిరుమలమ్మ లేచి నిలబడింది. తనకు తెలియకుండానే రెండు చేతులూ ముందుకు వచ్చాయి, కిరీటం అందుకోవడానికి వచ్చినట్టు.

తెరమీద మునిరామయ్య కళ్ళు తెరిచాడు. లేచాడు. మోకాలు సుళువుగా వంగింది. మూలగలేదు. లేచి ఆకాశంలోకి చూశాడు. వాన ఆయన ముఖం మీద పడుతూనే ఉంది. గిరి గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నవీన కళ్ళూ తడిశాయి. అంత బాగా చేశారు దాన్ని. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

“ఎవురు పిలిచినారు?” అంది తిరుమలమ్మ.

“ఏంటమ్మా?”

“ఆయన్ని. ఎవురు పిలిస్తే లేచినాడు?”

నవీనకు అర్థం కాలేదు. “ఎవరూ పిలవరమ్మా. వాన పడుతుంది. ఆయనే లేస్తాడు.”

తిరుమలమ్మ చేతులు దించింది. రెండు దినాలు టైమియ్యి తల్లీ అని, నవీనకు మజ్జిగ ఇచ్చి పంపింది.

ఆ మధ్యాహ్నం తల్లీకొడుకులు వంటింట్లో కూర్చున్నారు. ముందు గిరే మొదలుపెట్టాడు.

“సరేనను మా.”

ఆమె రేపటి బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంది.

“నాకు షిఫ్టు నడాన ఫోను వచ్చింది. నేను ఆసుపత్రికి రాంగానే గుడ్డ కప్పేసినారు. నాయన ముఖం నేను సరిగ్గా సూడలా. ఇప్పుడు బస్సులో పోతా వస్తా ఫోన్లో ఆ సావే సూస్తా ఉండా. ఇంగేమీ లేదు నాకాడ. ఈ పొద్దు కండ్లు తెరిచినాడు మా. అది నిజం కాదని నాకూ తెలుసు. అయినా తెరిచినాడు.”

కొడుకు అంతసేపు మాట్లాడడం ఆమె ఎప్పుడూ వినలేదు. వాడి వీపు మీద చెయ్యి వేసింది. చెయ్యి తియ్యకుండానే చెప్పింది.

“ఆసుపత్రిలో నేను పిలిచినాను బిడ్డా.”

“యెవుర్ని?”

“మీ నాయన్ని. పేరు పెట్టి.”

గిరి తల ఎత్తాడు.

“డాక్టరు వచ్చి సూసి, ఏమీ లేదన్నట్టు తలకాయ ఊపి పోయినాడు. నా పక్కన సెంబు ఉండింది. పసుపు యాడ దొరుకుతుంది ఆడ? ఉత్త నీళ్ళే సల్లినాను. వార్డంతా ఇనపడేట్టు పిలిచినాను. మన ఆటల్లో కూడా అంత గట్టిగా పిలవలా. ఒకతూరి పిలిచినానా, రెండుతూర్లు పిలిచినానా, నాకే తెలీదు. పక్క మంచాలోళ్ళు లేచి కూర్చున్నారు. వరండాలో పడుకున్నోళ్ళు లేచొచ్చినారు. అందురూ లేచినారు బిడ్డా, మీ నాయన తప్ప. నర్సమ్మ మెల్లిగా నా సేతిలో సెంబు తీసుకోవాలని సూసింది. నేనియ్యలా. లేచేదాకా దించగూడదు గదా. కడాకు ఆ పిల్లే నా ఏళ్ళు ఒగొగటే ఇడదీసింది. పాపం, ఏడస్తా ఇడదీసింది.”

“నాకు చెప్పలేదే మా.”

“ఏమని సెప్పేది? షూటింగు కాణ్ణించి వచ్చినపొద్దు ఈ గడపలో నిలబడినాడు, పిలుస్తానేమో అని. ఎదురింటోళ్ళు వింటారని సిగ్గుపడినాను. పిలవాల్సినపొద్దు పిలవలా. పిలిచినపొద్దు ఆయన లెయ్యలా. ఇప్పుడు ఎవురూ పిలవకుండానే లేస్తే…” అక్కడ ఆగింది. పొయ్యిలో లేని నిప్పును చూస్తున్నట్టు చూసింది. “నేను అంతగా పిలిస్తే లెయ్యని మనిషి, వాళ్ళు లెయ్యమంటే లేస్తే, ఇన్నేండ్లూ నేను యెవుర్ని లేపినట్టు? అయినా నీకు కావాలంటే సరేనని సెప్పు. నీకూ నాయనే. నేను అడ్డం రాను. సూడమని మాత్రం నన్ను అడగొద్దు.”

చిన్నప్పుడు ఎన్నో ఊళ్ళలో, చాప మీద నిద్రలో, ఆ కేక వినే గిరి మేలుకునేవాడు. అమ్మ పిలిచేది, నాయన లేచేవాడు, అప్పుడు వాణ్ణి పలకరించడానికి వచ్చేవాడు. ఆ రెండింట్లో నాయన లేవడం పోయింది, అమ్మ పిలుపు మిగిలి ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అదీ ఆసుపత్రిలోనే అయిపోయిందని ఇప్పుడు తెలిసింది.

లేచి వాకిట్లోకి పోయి నవీనకు ఫోను చేశాడు. వద్దు అక్కా అన్నాడు. కారణం చెప్పలేదు. నవీన రెట్టించలేదు. చేసిన ముక్కను చెరిపేస్తామని, ఎక్కడా వాడమని మాట ఇచ్చింది. ఫోను పెట్టేయబోతూ గిరి, “చెరిపేసే ముందు…” అన్నాడు. ఆమె అటువైపు ఆగింది. “ఏం లేదక్కా. చెరిపేయండి,” అన్నాడు.

సాయంత్రం శ్రీసిటీ వైపు పోయే బస్సెక్కాడు. ఎక్కేముందు తల్లి రెండు చేతులూ పట్టుకుని, ఆ వేళ్ళను కాసేపు చూశాడు.

మరుసటి ఏడాది రెండో భాగం వచ్చింది. అందులో వాన కురిసింది. తాత లేడు, తాత మాటా లేదు. సోమవారం పంచాయితీ మళ్ళీ మొదలు. వానొచ్చింది గనక ఇప్పుడు కథ బాగుందని పరంధామయ్య, వాన రావడంతో కథ చెడిందని బాలచంద్ర. కాణిపాకం పోయే పెద్దమనిషొకడు, కడప వైపు మనిషి, ఆకు చేతబట్టుకుని వాళ్ళ మధ్యలో దూరాడు.

“అంతా బాగనే ఉండాది గాని, ఆ ముసలాయన్ని అట్టే ఇసకలో ఒదిలేసినారు చూడండి, అది అన్యాయం. ఎట్టోగట్ట ఆయన్ని లేపింటే బాగుండు. ఏమంటావు మా?”

తెలిసినవాళ్ళిద్దరూ తలలు దించుకున్నారు.

“లేపి సూసినానప్పా,” అంది తిరుమలమ్మ. “లెయ్యలా.”

అదేదో హాస్యం అనుకుని ఆ పెద్దమనిషి పెద్దగా నవ్వాడు. చెయ్యి కడుక్కుని, బస్సు హారను విని, పరుగెత్తాడు. తిరుమలమ్మ ఆవిరి పాత్ర మూత తీసి, వేడికి ముఖం పక్కకు తిప్పుకుంది.